అబర్డీన్ కీళ్ల ఆపరేషన్ల ఆలస్యంపై హోలీరూడ్‌లో ప్రశ్న: ఎలా రాస్తే సరైన జవాబు వస్తుంది?

డాన్‌ఒడ్డు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. అబర్డీన్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లం కొందరం కలిసి, మా ఎంఎస్‌పీ (స్కాట్లాండ్ పార్లమెంటు సభ్యుడు) చేత హోలీరూడ్‌లో, అంటే ఆ పార్లమెంటులో, ఒక ప్రశ్న వేయించాలనుకుంటున్నాం. విషయం అబర్డీన్ ఉన్న గ్రాంపియన్ ప్రాంతంలో మోకాలి, తుంటి మార్పిడి ఆపరేషన్లకు ఎదురుచూపులు. ముసాయిదా ఇది:

"గ్రాంపియన్‌లో కీళ్ల ఆపరేషన్లకు ఇంత ఆలస్యం ఎందుకు? ఆరోగ్యానికి ఇచ్చిన డబ్బంతా ఏమవుతోంది? ఇందుకు ప్రభుత్వం సిగ్గుపడుతోందా?"

గురువారం ఫస్ట్ మినిస్టర్ (స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత) ప్రశ్నల సమయంలో అడిగించాలని ఉంది. దిద్దండి. ఇంకో సందేహం: మాలో సగం మందివి ఇండియన్ పాస్‌పోర్టులు. ఎంఎస్‌పీ మా మాట వింటారా?

ఛాంబర్‌చూపు

పాస్‌పోర్టు సంగతి ముందు చెప్తాను. ఎంఎస్‌పీకి రాయడానికి ఓటు అక్కర్లేదు, ఆ నియోజకవర్గంలో ఉంటే చాలు. పైగా మీకు ఓటు కూడా ఉంది. స్కాట్లాండ్ పార్లమెంటు ఎన్నికల్లో భారతీయులు కామన్వెల్త్ పౌరులుగా మొదట్నుంచీ ఓటర్లే. 2020 చట్టం తర్వాత, చట్టబద్ధంగా నివాసం ఉంటున్న ఏ దేశస్థులైనా ఓటు వేయొచ్చు. 16 ఏళ్లు నిండాలి, పేరు నమోదై ఉండాలి.

ఇంకోటి, మీకు ఒక్క ఎంఎస్‌పీ కాదు, ఎనిమిది మంది ఉన్నారు. నియోజకవర్గం నుంచి ఒకరు, ప్రాంతీయ జాబితా నుంచి ఏడుగురు. మొత్తం 129 మందిలో 73 మంది మొదటి రకం, 56 మంది రెండో రకం. నియోజకవర్గ సభ్యుడు పాలక పక్షం అయి మెత్తగా అడుగుతాడనిపిస్తే, మీ ప్రాంతం నుంచే ఎన్నికైన ప్రతిపక్ష సభ్యురాలికి రాయొచ్చు. లండన్‌లో ఉండే ఎంపీకి మాత్రం రాయకండి. ఆరోగ్యం ఎడిన్‌బరాలోని స్కాట్లాండ్ ప్రభుత్వానికి బదిలీ అయిన శాఖ. ఎంపీ ఆఫీసు నుంచి "ఇది మా పరిధి కాదు" అన్న ఉత్తరం తప్ప ఏమీ రాదు.

ఇక ముసాయిదా. ప్రశ్నలు ఛాంబర్ డెస్క్ దగ్గర వడపోతకు వెళ్తాయి. ప్రశ్నలో అభిప్రాయం ఉండకూడదు, స్కాట్లాండ్ ప్రభుత్వ బాధ్యత కిందకు వచ్చే విషయమే అయ్యుండాలి. "సిగ్గుపడుతోందా" అన్న ముక్కతో తిప్పి పంపేస్తారు. "ఎందుకు" అని అడిగితే కోవిడ్ తర్వాతి ఒత్తిళ్ల గురించి రెండు పేరాల వ్యాసం వస్తుంది. "డబ్బంతా ఏమవుతోంది" అంటే "రికార్డు స్థాయిలో నిధులు ఇచ్చాం" అన్న ఒక్క వాక్యం వస్తుంది. రెండూ అబద్ధం కావు, మీకు పనికొచ్చేవీ కావు.

గురువారం మధ్యాహ్నం 12 గంటల సమయం మీద అంత ఆశ పెట్టుకోవద్దు. ఉన్నదే ముప్పావుగంట. అందులో పెద్ద భాగం ప్రధాన ప్రతిపక్ష నాయకులకే పోతుంది. మీరు చూడాల్సింది లిఖిత ప్రశ్న. మామూలుగా 10 పనిదినాల్లో జవాబు, పార్లమెంటు సెలవుల్లో వేస్తే 20. ప్రతి ప్రశ్నకూ నంబరు పడుతుంది. ఎస్6డబ్ల్యూ అని ఉంటే ఆరో సెషన్ లిఖిత ప్రశ్న అని అర్థం, ఓ ఉంటే మౌఖికం, ఎఫ్ ఉంటే ఫస్ట్ మినిస్టర్‌కు. జవాబు పార్లమెంటు సైట్‌లో శాశ్వతంగా ఉంటుంది, రెండేళ్ల తర్వాత కూడా పట్టుకుని అడగొచ్చు.

ఓరుగల్లు_గ్లాస్గో

గురువారం సభ దండగ అన్నట్టు చెప్పకండి అన్నా. లిఖిత జవాబు రాసేది అధికారి, మంత్రి చూసి పంపిస్తడు. ఫస్ట్ మినిస్టర్ నోటితోని "చేస్తం" అని అందరి ముందు అంటే ఆ మాట అధికార నివేదికల అక్షరం పొల్లు పోకుండ ఎక్కుతది. తర్వాత దాన్నే పట్టుకుని అడగొచ్చు. గురువారం 11.40కి సాధారణ ప్రశ్నలు కూడ ఉంటయి కద. శాఖల వారీ ప్రశ్నల సమయం కూడ ఉంది.

ఛాంబర్‌చూపు

దండగ అనలేదండి, వరసలో రెండోది అన్నాను. సాధారణ ప్రశ్నలకు, శాఖల ప్రశ్నలకు ముందు లాటరీలో సభ్యుల పేర్లు తీస్తారు, ఆ తర్వాతే వాళ్లు ప్రశ్న పాఠం ఇస్తారు. మీ ఎంఎస్‌పీ పేరు రావాలి కదా. వచ్చిందనుకోండి, అసలు విలువ అనుబంధ ప్రశ్నది. మొదటి ప్రశ్నకు జవాబు కాగితం మీద సిద్ధంగా ఉంటుంది, అనుబంధ ప్రశ్నకు ఉండదు. అప్పటికే చేతిలో లిఖిత జవాబు ఉంటే "మీ శాఖే ఫలానా తేదీన ఈ అంకె చెప్పింది" అని మొదలుపెట్టొచ్చు. అందుకే ముందు లిఖితం, తర్వాత మౌఖికం.

ఒక్క హెచ్చరిక. లిఖిత ప్రశ్నల్లో ప్రభుత్వమే తన పక్షం సభ్యుడి చేత వేయించుకునేవి కూడా ఉంటాయి. ప్రకటన చేయడానికి అదొక మార్గం. పాత జవాబులు వెతికేటప్పుడు అవి కనిపిస్తే ప్రతిపక్షం రాబట్టిన సమాచారం అనుకోకండి.

వార్డుడ్యూటీ

ఎదురుచూపుల లెక్క అర్థం కాకుండా ప్రశ్న రాస్తే మీ ప్రశ్నే మీకు అడ్డం తిరుగుతుంది. వివరంగా చెప్తాను.

స్కాట్లాండ్‌లో 12 వారాల హామీ 2011 నాటి రోగుల హక్కుల చట్టంలో ఉంది, 2012 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చింది. అయితే ఆ 12 వారాలు ఎప్పుడు మొదలవుతాయి? జీపీ (మొదట చూసే స్థానిక డాక్టరు) దగ్గరికి వెళ్లిన రోజు నుంచి కాదు. స్పెషలిస్టు చూసి, ఆపరేషన్ అవసరమని తేల్చి, రోగి సరేనన్న రోజు నుంచి. అంతకు ముందు స్పెషలిస్టు తొలి అపాయింట్‌మెంట్‌కు వేరే 12 వారాల లక్ష్యం ఉంది, స్కాన్ లాంటి ముఖ్య పరీక్షలకు 6 వారాల లక్ష్యం ఉంది. అంటే మూడు క్యూలు. మూడో క్యూ ఒక్కటే అడిగితే మనిషి నిజంగా నొప్పితో గడిపిన కాలంలో ఒక ముక్కే కనిపిస్తుంది.

రెండోది ఇంకా ముఖ్యం. "12 వారాల్లోపు ఎంత శాతం మందికి చేశారు" అనే అంకె పూర్తయిన ఆపరేషన్లది. ఇంకా క్యూలో ఉన్నవాళ్లు అందులో ఉండరు. 80 వారాలుగా ఎదురుచూస్తున్న ఆవిడ ఆపరేషన్ అయ్యేదాకా ఆ శాతంలోకి రాదు. ఇప్పుడు ఒక హెల్త్ బోర్డు (ఒక ప్రాంతంలో ప్రభుత్వ వైద్యసేవలు నడిపే సంస్థ) నిజాయితీగా పాత కేసులన్నీ ముందు తీసుకుని చేసిందనుకోండి, ఆ త్రైమాసికంలో శాతం పడిపోతుంది! సరైన పని చేసిన బోర్డు చెడ్డదిగా కనిపిస్తుంది. కొత్తగా చేరిన తేలిక కేసులు మాత్రమే చేసి పాతవాటిని వదిలేసిన బోర్డు అందంగా కనిపిస్తుంది. అందుకని శాతం ఒక్కటే అడగొద్దు. ఫలానా తేదీ నాటికి క్యూలో ఉన్నవి ఎన్ని, అందులో 26, 52, 104 వారాలు దాటినవి ఎన్ని అన్నవి రెండూ పక్కపక్కన కావాలి.

మూడోది: అవి మనుషుల సంఖ్య కాదు, కేసుల సంఖ్య. రెండు విభాగాల్లో ఎదురుచూస్తున్న ఒకే మనిషి రెండుసార్లు లెక్కలోకి వస్తారు. "ఇన్ని వేల మంది" అని ఎంఎస్‌పీ అంటే మంత్రి ఆ ఒక్క మాట దిద్ది కూర్చుంటాడు. అసలు విషయం పోతుంది.

ఇంగ్లండ్‌తో పోల్చకండి. అక్కడ ప్రధానంగా చెప్పే లెక్క రిఫరల్ నుంచి చికిత్స మొదలయ్యేదాకా 18 వారాలది. రెండూ ఒకే కొలబద్ద కావు.

డాన్‌ఒడ్డు

వార్డుడ్యూటీ గారూ, చాలా థాంక్స్. పాత కేసులు తీస్తే శాతం పడిపోతుందన్నది మాకెవరికీ తట్టలేదు. అయితే క్యూ అంకెలే అడిగేద్దామా?

వార్డుడ్యూటీ

వద్దండి, అవి పబ్లిక్ హెల్త్ స్కాట్లాండ్ క్రమం తప్పకుండా ప్రచురిస్తుంది, బోర్డు వారీగా, విభాగం వారీగా. ప్రశ్న వేస్తే "ఫలానా చోట ఉంది చూసుకోండి" అని లింకు ఇస్తారు. ప్రశ్న వృథా. ప్రచురితం కానిది అడగాలి. చివరి నిమిషంలో రద్దయిన ఆపరేషన్ల సంఖ్య కూడా నెలనెలా వస్తుంది. వైద్య కారణమా, సిబ్బంది, పడకలు లేకనా, రోగే వద్దన్నారా అన్న విభజన కూడా ఉంటుంది.

మీకు పనికొచ్చేది వేరే ఉంది. కీళ్ల ఆపరేషన్ల లాంటి ముందే తేదీ ఇచ్చే చికిత్సలకు జాతీయ చికిత్సా కేంద్రాలని కట్టడం మొదలుపెట్టారు. 2023లో కర్కాల్డీలో, ఇన్వర్‌నెస్‌లో తెరిచారు. గ్రాంపియన్ కేంద్రం మాత్రం 2024 మొదట్లో, మూలధనం లేదని కొత్త నిర్మాణాలు నిలిపేసినప్పుడు ఆగిపోయింది. అది మంత్రులు తీసుకున్న నిర్ణయం, కాబట్టి జవాబు కూడా వాళ్లే చెప్పాలి.

లెక్కలపద్దు

సరిగ్గా అక్కడే డబ్బు ప్రశ్న పుడుతుంది. "బడ్జెట్ తగ్గిందా, పెరిగిందా" అని అడిగితే ప్రభుత్వం, ప్రతిపక్షం రెండూ నిజమే చెప్పి రెండూ తప్పుదోవ పట్టిస్తాయి. మూడు చోట్ల జాగ్రత్త.

మొదట, రోజువారీ ఖర్చు వేరు, మూలధనం వేరు. జీతాలు, మందులు మొదటి దాంట్లోంచి, భవనాలు రెండో దాంట్లోంచి. 2025-26లో ఆరోగ్యం, సామాజిక సంరక్షణ పద్దు 2,100 కోట్ల పౌండ్లు దాటింది. అందులో చాలా వరకు రోజువారీదే. "రికార్డు నిధులు" అన్న జవాబు ఆ మొత్తానికి సంబంధించింది, మీ కేంద్రం ఆగింది రెండో దాంట్లో. ప్రశ్నలో "మూలధన కేటాయింపు" అని రాయకపోతే వాళ్లు పెద్ద అంకె చూపిస్తారు.

రెండోది, ఏ ఏడాది బడ్జెట్‌ను దేనితో పోలుస్తున్నారు? డిసెంబరులోనో జనవరిలోనో ప్రవేశపెట్టిన బడ్జెట్ ఏడాది పొడవునా అలాగే ఉండదు. శరదృతువులో ఒకటి, వసంతంలో ఒకటి సవరణలు వస్తాయి. ఆరోగ్య పద్దు నుంచి సామాజిక సంరక్షణ కోసం స్థానిక సంస్థలకు, నర్సుల శిక్షణ కోసం విద్యా పద్దుకు ఏటా మధ్యలో డబ్బు మళ్లుతుంది. ఫలితం చూడండి: తొలి బడ్జెట్‌లో ఆరోగ్యం పెద్దగా కనిపిస్తుంది, కౌన్సిళ్లు చిన్నగా కనిపిస్తాయి. ఈ ఏడాది సవరించిన అంకెను వచ్చే ఏడాది తొలి అంకెతో పోలిస్తే లేని పెరుగుదల కనబడుతుంది. తొలి బడ్జెట్‌ను తొలి బడ్జెట్‌తో, తుది ఖర్చును తుది ఖర్చుతో పోల్చాలి.

మూడోది ధరల పెరుగుదల తీసేసిన లెక్క. ఏ ఏడాది ధరల్లో అన్నది ప్రశ్నలోనే అడగండి. 2020-21 ఆధారంగా ఉంటే అనుమానించండి. కోవిడ్ ఖర్చు వల్లా, జీడీపీ ధరల సూచీ ఆ ఏడాది వింతగా కదలడం వల్లా ఆ ఏడాదితో ఏ పోలికా నిలవదు.

తెనాలితమ్ముడు

ఆంధ్రా నుంచి చదువుతున్నాను, ఒక ప్రశ్న అండి. మన దగ్గర ఆర్థిక సంఘం ఐదేళ్లకోసారి వాటా తేలుస్తుంది. 15వ సంఘం రాష్ట్రాలన్నిటికీ కలిపి 41 శాతం అంది, అందులో ఆంధ్రాకు 4.047, తెలంగాణకు 2.102. అక్కడ స్కాట్లాండ్ వాటా ఎవరు తేలుస్తారు? మంత్రి "లండన్ ఇవ్వలేదు" అంటే నిజమో కాదో ఎలా చూడాలి?

లెక్కలపద్దు

తమ్ముడూ, అక్కడ 280వ అధికరణం లాంటిది లేదు. బార్నెట్ సూత్రం అని ఒకటుంది, 1970ల చివర్లో వచ్చింది, దానికి చట్టం కూడా లేదు. లండన్ ఖజానా శాఖ నడుపుతుంది. మొత్తం వాటాను కాదు, మార్పును మాత్రమే లెక్కిస్తుంది. ఇంగ్లండ్‌లో ఆరోగ్యానికి కొత్తగా 100 కోట్ల పౌండ్లు ఇచ్చారనుకో. ఆరోగ్యం దాదాపు పూర్తిగా బదిలీ అయిన శాఖ, కాబట్టి పోలిక దాదాపు 100 శాతం. ఇంగ్లండ్ జనాభాతో పోలిస్తే స్కాట్లాండ్ జనాభా సుమారు 9.5 శాతం. అంటే స్కాట్లాండ్‌కు దాదాపు 9.5 కోట్ల పౌండ్లు. ఆ డబ్బు ఆరోగ్యానికే ఖర్చు పెట్టాలన్న నిబంధన లేదు. "ఇంగ్లండ్ ఆరోగ్యం వల్ల వచ్చిన అదనపు డబ్బులో ఆరోగ్యానికి ఎంత ఇచ్చారు?" అన్నది అందుకే మంచి ప్రశ్న.

దీని మీద ఆదాయపు పన్ను వస్తుంది. జీతాల మీద పన్ను రేట్లు 2017-18 నుంచి ఎడిన్‌బరా చేతిలో ఉన్నాయి. పేస్లిప్‌లో పన్ను కోడ్ ముందు ఎస్ అక్షరం ఉంటే ఆ పన్ను స్కాట్లాండ్ బడ్జెట్‌కు వెళ్తుంది. ఇప్పుడు ఆరు శ్లాబులు: 19, 20, 21, 42, 45, 48 శాతం. లండన్ తాను వదులుకున్న పన్నుకు బదులు గ్రాంటులో కోత వేస్తుంది. ముందు అంచనాతో డబ్బు ఇస్తారు, అసలు వసూలు తేలాక తేడాను మూడేళ్ల తర్వాతి బడ్జెట్‌లో సర్దుతారు. 2021-22 లెక్క తేలాక 39 కోట్ల పౌండ్లు 2024-25లో తగ్గాయి. 2022-23 లెక్క తేలితే 44.7 కోట్లు 2025-26లో కలిశాయి. ఏ తప్పూ ఒప్పూ లేకుండానే రెండేళ్ల మధ్య 80 కోట్ల పైగా ఊపు! మంత్రి ఒక ఏడాది "లండన్ కోత" అన్నా, ఇంకో ఏడాది "మా నిర్వహణ" అన్నా స్కాటిష్ ఫిస్కల్ కమిషన్ నివేదికలో ఈ వరస తీసి చూడాలి. అది స్వతంత్ర సంస్థ, అంచనాలు దానివే.

రోజువారీ ఖర్చుల కోసం ఇష్టమొచ్చినట్టు అప్పు చేయలేరు. అంచనా తప్పినప్పుడు సర్దుకోవడానికి ఏడాదికి 30 కోట్ల పౌండ్ల పరిమితి ఉండేది. 2023 ఒప్పందంతో 60 కోట్లయింది. మూలధనానికి ఏడాదికి 45 కోట్లు, మొత్తం 300 కోట్లు. 2024-25 నుంచి ఈ పరిమితులు ధరలతో పాటు పెరుగుతున్నాయి. మంత్రి "డబ్బు లేదు" అంటే తర్వాతి ప్రశ్న: ఆ ఏడాది మూలధన అప్పు పరిమితిలో ఎంత వాడారు?

కార్డిఫ్_కొండపల్లి

వేల్స్‌లో ఉన్నవాళ్లు పై అంకెలు అలాగే వాడకండి. మన పన్ను కోడ్ ముందు సి ఉంటుంది. ఒక్కో శ్లాబులో పౌండుకు 10 పెన్నీలు మాత్రమే కార్డిఫ్ చేతిలో ఉన్నాయి. బార్నెట్ వాటా మీద అవసరాల లెక్కన ప్రస్తుతానికి 105 శాతం గుణకం ఉంది. స్కాట్లాండ్‌కు అది లేదు. హెచ్ఎస్2 హైస్పీడ్ రైలు మార్గం ఒక్క మైలు కూడా వేల్స్‌లో లేకపోయినా దాన్ని ఇంగ్లండ్, వేల్స్ ప్రాజెక్టు అని వర్గీకరించారు. స్కాట్లాండ్‌కు దాని వల్ల వాటా వచ్చింది, మనకు రాలేదు. సెనెడ్‌లో (వేల్స్ పార్లమెంటులో) మంగళవారం ఫస్ట్ మినిస్టర్‌ను అడిగేటప్పుడు అది ఎడిన్‌బరా నేస్తాలకు లేని ప్రశ్న, మనకు మాత్రం చాలా పెద్దది.

ఓరుగల్లు_గ్లాస్గో

బడ్జెట్ బిల్లు మీద మన ఎంఎస్‌పీ సవరణ పెట్టి గ్రాంపియన్ కేంద్రానికి డబ్బు రాయిస్తే సరిపోద్ది కద?

ఛాంబర్‌చూపు

కుదరదండి. బడ్జెట్ బిల్లుకు సవరణలు పెట్టే అధికారం మంత్రులకే ఉంది. సభ్యులు మొత్తానికి ఓటు వేయగలరు, లేదంటే ఓటు కోసం బేరమాడగలరు. ప్రభుత్వానికి సొంత మెజారిటీ లేని ఏడాదుల్లో ఆ బేరానికి బలం ఉంటుంది. మీరు పని చేయాల్సింది బడ్జెట్ రాకముందు, కమిటీలు అభిప్రాయాలు పిలిచే నెలల్లో. బిల్లు వచ్చాక సమయం మించిపోతుంది.

ఇంకో దారి మర్చిపోతున్నాం, కాగితాలు అడగడం. గ్లెన్ సానాక్స్, గ్లెన్ రోసా ఫెర్రీల వ్యవహారం దీనికి పాఠం. 2015లో 9.7 కోట్ల పౌండ్లకు రెండు ఓడల ఒప్పందం ఇచ్చారు. కట్టేవాళ్లు విఫలమైతే డబ్బు వెనక్కిచ్చే పూర్తి గ్యారంటీ లేకుండానే ముందుకు వెళ్లారు. 2018లో రావాల్సిన మొదటి ఓడ ప్రయాణికులతో కదిలింది 2025 జనవరిలో. ఏళ్లపాటు సభలో "ఓడ ఎప్పుడు వస్తుంది" అని అడిగారు, ప్రతిసారీ కొత్త తేదీ వచ్చింది. కథ కదిలింది 2022 మార్చిలో ఆడిటర్ జనరల్ నివేదికతో. ఆ ముప్పును మంత్రులు ఎందుకు ఒప్పుకున్నారో చెప్పే తగిన రాతపూర్వక ఆధారం లేదని అందులో ఉంది. అప్పుడు ప్రశ్న మారింది: ఎవరు, ఏ తేదీన, ఏ కాగితం మీద ఒప్పుకున్నారు?

అక్కడే ఇంకో పరికరం ఉంది. ఖర్చు డబ్బుకు తగ్గ విలువ ఇవ్వదని బాధ్యుడైన అధికారి భావిస్తే, మంత్రి రాతపూర్వక ఆదేశం ఇవ్వాల్సి ఉంటుంది. గ్లెన్ రోసా పూర్తి చేయడానికి 2023 మేలో అలాంటి ఆదేశమే ఇచ్చారు. "ఈ పథకంపై రాతపూర్వక ఆదేశం ఇచ్చారా, ఇస్తే ఏ తేదీన?" అన్నది ఒక్క వాక్యం. దానికి తప్పించుకునే జవాబు రాయడం కష్టం.

డాన్‌ఒడ్డు

అందరి మాటా కలిపి మళ్లీ రాశాం. రెండు లిఖిత ప్రశ్నలు:

ఒకటి. "జాతీయ చికిత్సా కేంద్రం, గ్రాంపియన్ ప్రాజెక్టుపై నేటి వరకు ఎంత ఖర్చు చేశారు, నిలిపివేత నిర్ణయం ఏ తేదీన తీసుకున్నారు, పునఃప్రారంభానికి ఏ తేదీ నిర్ణయించారు?"

రెండు. "2023 ఏప్రిల్ నుంచి ఏడాది వారీగా, గ్రాంపియన్ నుంచి ఎంతమంది కీళ్ల ఆపరేషన్ రోగులను ఇతర బోర్డులకు పంపారు, ఎన్ని ఆపరేషన్ థియేటర్ సెషన్లు సిబ్బంది లేక రద్దయ్యాయి?"

ఛాంబర్‌చూపు

మొదటిది బాగుంది. "నేటి వరకు" తీసేసి "ఆర్థిక సంవత్సరాల వారీగా, మూలధనం, రోజువారీ ఖర్చు విడివిడిగా" అని పెట్టండి. లేకపోతే ఒకే మొత్తం వస్తుంది, అందులో రూపకల్పన ఫీజులెంతో భూమి పనులెంతో తెలియదు. "ఏ తేదీ నిర్ణయించారు" అంటే "నిర్ణయించలేదు" అని ముగిస్తారు. "ఏ ప్రమాణాల ఆధారంగా, ఏ బడ్జెట్ దశలో నిర్ణయిస్తారు" అని కూడా చేర్చండి.

వార్డుడ్యూటీ

రెండోదాన్ని విడగొట్టండి. థియేటర్ సెషన్ల వివరం బోర్డు దగ్గర ఉంటుంది, మంత్రిత్వ శాఖ దగ్గర ఉండదు. "అడిగిన సమాచారం కేంద్రంగా లేదు" అనే జవాబు వస్తుంది. ఆ ముక్కను సమాచార స్వేచ్ఛ దరఖాస్తుగా నేరుగా బోర్డుకే పంపండి. అది మీరే వేయొచ్చు, ఎంఎస్‌పీ అక్కర్లేదు. గడువు 20 పనిదినాలు. ఖర్చు 600 పౌండ్లు దాటుతుందంటే తిరస్కరించగలరు, కాబట్టి పదేళ్లు అడగొద్దు. రెండేళ్లు, కీళ్ల విభాగం ఒక్కటి, రద్దు కారణాల కోడ్‌తో సహా. ఇవ్వకపోతే 40 పనిదినాల్లోపు పునఃసమీక్ష అడగండి. అదీ కాకపోతే సెయింట్ ఆండ్రూస్‌లోని సమాచార కమిషనర్‌కు వెళ్లొచ్చు.

ఇతర బోర్డులకు పంపినవాళ్ల లెక్కలో క్లైడ్‌బ్యాంక్ గోల్డెన్ జూబిలీని పేరు పెట్టి రాయండి. అది ప్రాంతీయ బోర్డు కాదు, జాతీయ బోర్డు. "ఇతర ప్రాంతీయ బోర్డులు" అని రాస్తే దాన్ని వదిలేసి జవాబిచ్చినా తప్పు పట్టలేం.

లెక్కలపద్దు

గ్రాంపియన్ బోర్డును 2025 మేలో ఆర్థిక పరిస్థితి వల్ల పర్యవేక్షణలో నాలుగో దశకు పెంచారు. ఉన్నవి ఐదు దశలే. మూడో ప్రశ్నగా ఇది చేర్చండి: "ఆ దశ కింద బోర్డుతో ఒప్పుకున్న పొదుపు లక్ష్యం ఎంత, అందులో ముందే తేదీ ఇచ్చే ఆపరేషన్ల నుంచి ఎంత?" లోటు పూడ్చడానికి ప్రభుత్వం బోర్డుకు ఇచ్చిన అప్పు ఎంత మిగిలిందో కూడా అడగండి. ఆ అప్పు తీర్చే భారం రాబోయే ఏళ్ల థియేటర్ సెషన్ల మీదే పడే ప్రమాదం ఉంది.

డాన్‌ఒడ్డు

మూడూ విడివిడిగా రాసి ఎంఎస్‌పీ ఆఫీసుకు పంపుతున్నాం. థియేటర్ సెషన్ల దరఖాస్తు మేమే బోర్డుకు పెడతాం. పంపే ముందు ఇంకేమైనా?

ఛాంబర్‌చూపు

ఒకటే. మీ ఎంఎస్‌పీని ముందుగా స్పైస్‌ను అడగమనండి. పార్లమెంటు పరిశోధన విభాగం అది, సభ్యులకు గోప్యంగా సమాచారం ఇస్తుంది. ఇదే ప్రశ్న ఇంతకుముందు ఎవరైనా వేశారా, జవాబు ఏమొచ్చింది అన్నది వాళ్లు వెతికిపెడతారు. పాత జవాబు ఉంటే దాని నంబరును మీ ప్రశ్నలోనే ఉటంకించండి. నంబరు ఉంటే పాత జవాబునే మళ్లీ అతికించి పంపడం కష్టం. పార్లమెంటు సెలవుల్లో మాత్రం వేయొద్దు, మీ 10 రోజులు 20 అయిపోతాయి.